26 కోట్ల 84 లక్షలు దాటిన ఫైల్

2009 ఏప్రిల్. ఇంజనీరింగ్ అయిపోయి ఏడాది కావస్తోంది. చేతిలో ఆఫర్ లెటర్ ఉంది, జాయినింగ్ డేట్ మాత్రం లేదు. మాంద్యం తగ్గాక పిలుస్తామన్నారు. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే అమ్మ ఏమీ అనదు కానీ ఆ అనకపోవడమే భరించలేం కదా, అందుకని తెనాలిలో మా బాబాయి డీటీపీ సెంటర్‌కి వెళ్ళి కూర్చునేవాణ్ణి. పొద్దున పెళ్ళికార్డులు, మధ్యాహ్నం నుంచి ఫ్లెక్సీ డిజైన్లు. ఎన్నికల సీజన్. మా జిల్లాకి రెండో విడతలో 23న పోలింగ్. ఒక్కో ఫ్లెక్సీ ఫైలు మూడు నాలుగు వందల ఎంబీలు ఉండేది.

షాపులో రెండు కంప్యూటర్లున్నా అసలు పనంతా ఒకదాని మీదే. 2002 మొదట్లో కొన్న పెంటియమ్ 4. దాంట్లో పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లు, బాబాయి ఏడేళ్ళుగా పోగుచేసుకున్న కార్డుల బోర్డర్లు, వినాయకుడి బొమ్మలు. దాన్ని మార్చమంటే ఆయన ఒప్పుకోడు. "ఫాంట్లు కొత్తదాంట్లో పనిచేస్తాయో చెయ్యవో, నువ్వు రాసిస్తావా గ్యారంటీ?" అనేవాడు. నేను రాసివ్వలేను.

అసలు కథ అంతకుముందు దసరా నుంచి మొదలైంది. పాత 40 జీబీ డిస్క్ నిండిపోయి, అప్పుడప్పుడు టక్ టక్ మని శబ్దం చేస్తుంటే, విజయవాడ వెళ్ళి కొత్తది తెచ్చాం. మా సీపీయూలో ఉన్నది పాతరకం వెడల్పు కేబుల్, అంటే ఐడీఈ. ఆ రకంలో 80 జీబీ స్టాక్ లేదని 160 జీబీ ఇచ్చారు. ధరలో పెద్ద తేడా లేదు. బాబాయి సంతోషించాడు, నేనూ సంతోషించాను.

ఇన్‌స్టాల్ చేసింది నేనే. బాబాయి దగ్గరున్న విండోస్ ఎక్స్‌పీ సీడీ మొట్టమొదట వచ్చినది, సర్వీస్ ప్యాక్ (తర్వాత వచ్చిన పెద్ద అప్‌డేట్) ఏదీ కలవనిది. పార్టిషన్ చేసే, అంటే డిస్క్‌ని డ్రైవ్‌లుగా విడదీసే నీలం తెర మీద డిస్క్ సైజు 1,31,072 ఎంబీకి అటూ ఇటూగా చూపించింది. 160 జీబీ కొంటే విండోస్‌లో 149 కనిపిస్తుందని నాకు తెలుసు. కంపెనీవాళ్ళ లెక్క వెయ్యితో, విండోస్ లెక్క 1024తో. ఈ తేడాకి అలవాటు పడిపోయి ఉండటమే నా కొంప ముంచింది. 128 కనిపించినా "ఏదో లెక్కలే" అనుకుని ఎంటర్ కొట్టేశాను. అంతకన్నా సిగ్గుపడాల్సిన విషయం, కంప్యూటర్ ఆన్ చేసిన ప్రతిసారీ నల్ల తెర మీద డిస్క్ పేరు పక్కన 137 అని కనిపించేది. ఒకే డిస్క్‌కి 160, 149, 137, 128 అని నాలుగు అంకెలు. వీటిలో 160, 149 ఒకే నిజాన్ని చెప్పే రెండు లెక్కలు. 137, 128 ఒకే అబద్ధాన్ని చెప్పే రెండు లెక్కలు. ఆరు నెలలు రోజూ చూశాను, ఒక్కరోజూ ఆగి ఆలోచించలేదు.

తర్వాత సర్వీస్ ప్యాక్ 2 వేశాను. వేయగానే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చివర 21 జీబీ ఖాళీ జాగా ప్రత్యక్షమైంది. దొరికిన సొమ్ములా అనిపించింది. దాన్ని డీ డ్రైవ్‌గా చేస్తానంటే బాబాయి, "ముక్కలు చెయ్యకురా, ఏ ఫైలు ఎక్కడుందో వెతుక్కోలేను, అంతా ఒకటే ఉంచు" అన్నాడు. ఒక పార్టిషన్ సాఫ్ట్‌వేర్ దొరికితే దాంతో ఆ 21 జీబీని సీ డ్రైవ్‌కి కలిపేశాను. రీస్టార్ట్ చేస్తే చక్కగా వచ్చింది. దసరా పోయింది, సంక్రాంతి పోయింది, ఉగాది పోయింది. ఏ ఇబ్బందీ లేదు.

ఏప్రిల్ మూడో వారం, శనివారం సాయంత్రం. కరెంటు పోయింది. యూపీఎస్ ఉన్నా దాని బ్యాటరీ పది నిమిషాలకి మించి రాదు కాబట్టి ముందే షట్‌డౌన్ చేశాం. ఏదో అప్‌డేట్ ఎక్కుతోంది, ఆపొద్దని తెర మీద వచ్చింది. ఎక్కనిచ్చాం. కరెంటు వచ్చాక ఆన్ చేస్తే నల్ల తెర, తెల్ల అక్షరాలు. సిస్టమ్32 ఫోల్డర్‌లో ఎన్‌టీఓఎస్‌కెర్నల్ అనే ఫైలు లేదు, లేదా పాడైపోయింది, మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్యండి అని. విండోస్‌కి గుండెకాయ లాంటి ఫైలు అది.

బెంచీ మీద ఒక అభ్యర్థి తాలూకు మనిషి కూర్చుని ఉన్నాడు. రాత్రికి కరపత్రం ప్రూఫ్ కావాలి. బాబాయి నా వంక చూశాడు. ఆయన అరిస్తే బాగుండేది, అరవలేదు.

మొదట అందరూ చేసేదే చేశాను. కేబుల్ పీకి పెట్టాను. ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచి పెట్టాను. డిస్క్ వెనకుండే చిన్న క్లిప్పు, జంపర్, మాస్టర్‌లో ఉందో లేదో చూశాను. బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ మార్చాను. ఏదీ పనిచెయ్యలేదు. పనిచెయ్యదని ఇప్పుడు తెలుసు. ఆ మెసేజ్ తెర మీదికి వచ్చిందంటేనే డిస్క్ తిరుగుతోంది, బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) దాన్ని చూసింది, బూట్ సెక్టర్ చదివింది, ఎన్‌టీఎల్‌డీఆర్ అనే చిన్న లోడర్ లేచింది, అది కెర్నల్ కోసం వెతికి తెల్లమొహం వేసింది అని అర్థం. కేబుల్ పాడైతే అంతదూరం రాదు. తెర మీది మాటని చదవకుండా చేతికి దొరికిన స్క్రూ విప్పడం వల్ల గంటన్నర పోయింది.

తర్వాత ఎక్స్‌పీ సీడీ పెట్టి, రిపేరు కమాండ్లు ఇచ్చే రికవరీ కన్సోల్‌కి వెళ్ళాను. డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ కమాండ్ టైపు చేసి, ఎంటర్ కొట్టేముందు ఎందుకో విజయవాడలో ఉన్న మా క్లాస్‌మేట్‌కి ఫోన్ చేశాను. లైనక్స్ పిచ్చోడు, హాస్టల్లో మా అందరి సిస్టమ్‌లూ విప్పినవాడు. "ఏ సీడీ?" అన్నాడు. చెప్పాను. "ఎంటర్ కొట్టకు. సీడీ తీసి పక్కన పెట్టు" అన్నాడు. ఆ సీడీకి డిస్క్‌లో చివరి 21 జీబీ ఉన్నట్టే తెలియదు. చూపు ఆననివాడి చేతికి రిపేరు అప్పజెప్పినట్టవుతుందన్నాడు. నాకు సగమే అర్థమైంది, కానీ సీడీ తీసేశాను. ఆ రాత్రి నేను చేసిన మంచి పని అదొక్కటే.

ముందు ఫైళ్ళు బతికున్నాయో లేదో చూడాలి. డిస్క్ ఊడదీసి, తువ్వాల్లో చుట్టుకుని, వీధి చివర ఇంటర్నెట్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. వాళ్ళ కంప్యూటర్ రెండేళ్ళ కిందటిది. దానికి రెండో డిస్క్‌గా తగిలించగానే 149 జీబీ పూర్తిగా కనిపించింది. ఒక్క ఫైలు కూడా పోలేదు. కరపత్రం ఫైలు తెరుచుకుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి బాబాయికి పంపితే రెండో కంప్యూటర్లో తంటాలు పడి ప్రూఫ్ ఇచ్చేశాడు. నేను అక్కడే చెక్‌డిస్క్ చేశాను, తప్పేమీ లేదంది. లేదు లేదా పాడైపోయింది అన్న ఆ కెర్నల్ ఫైలు కూడా అక్కడే ఉంది, సైజు, తేదీ అన్నీ సక్రమంగా.

తెచ్చి మా సీపీయూలో పెడితే మళ్ళీ అదే మెసేజ్. అక్కడ ఉన్న ఫైలు ఇక్కడ లేదు! ఒక కంప్యూటర్‌కి కనిపించి ఇంకోదానికి కనిపించకపోవడం ఏమిటి?

మళ్ళీ ఇంటర్నెట్ సెంటర్‌కి. ఈసారి ఆ ఫైలుకి కాపీ తీసి, పాతదాని పేరు మార్చి, కాపీకి అసలు పేరు పెట్టాను. తెచ్చి పెడితే అదే మెసేజ్. రాత్రి పదిన్నర అయింది. ఇక విండోస్ మొత్తం కొత్తగా వేసుకోవాల్సిందే అనుకుని, దానికి ముందు ముఖ్యమైన ఫైళ్ళు దాచుకుందామని ఫొటో స్టూడియో ఆయన్ని బతిమాలి 250 జీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చాను. నిరుటి ఫ్లెక్సీలు ఒక 30 జీబీ దాంట్లోకి తరలించి, ఇక్కడ డిలీట్ చేశాను. ఆఖరిసారి చూద్దామని, చేతి తీట కొద్దీ, కెర్నల్ ఫైలుని ఇంకోసారి అలాగే కాపీ చేసి పేరు మార్చి పెట్టాను.

మా సీపీయూలో విండోస్ వచ్చేసింది.

"ఏం చేశావురా?" అన్నాడు బాబాయి. "తెలీదు బాబాయ్" అన్నాను. ఆయన నవ్వి షట్టర్ దించేశాడు కానీ నాకు నిద్ర పట్టలేదు. పాడైపోయిన వస్తువు బాగైతే సంతోషమే. ఎందుకు బాగైందో తెలియకపోతే రేపు ఎందుకు చెడుతుందో కూడా తెలియదు, అదీ నా టెన్షన్.

మర్నాడు మా క్లాస్‌మేట్ ఫోన్‌లో వివరంగా చెప్పాడు. డిస్క్ అంటే 512 బైట్ల గదుల వరుస. ఒక్కో గది ఒక్కో సెక్టర్, దానికో నంబరు. పాత పద్ధతిలో ఆ నంబరు రాయడానికి 28 బిట్లే (సున్నా, ఒకటి అనే అంకెలు 28) ఇచ్చారు. అంటే 26,84,35,456 సెక్టర్లు. దాన్ని 512తో గుణిస్తే వచ్చేది 137 జీబీ, నేను రోజూ తెర మీద చూసిన అంకె అదే. మా 160 జీబీ డిస్క్‌లో సెక్టర్లు 31 కోట్ల 25 లక్షల పైచిలుకు. తర్వాత దాన్ని 48 బిట్లకి పెంచారు కానీ, మా బోర్డులోని బయాస్ 2001లో రాసినది. దానికి కొత్త పద్ధతి తెలియదు. ఎక్స్‌పీ కూడా సర్వీస్ ప్యాక్ 1 నుంచే నేర్చుకుంది, అందుకే ఆ తొలి సీడీ 128 దగ్గర ఆగిపోయింది.

"మరి ఆరు నెలలు ఎలా నడిచిందిరా?" అన్నాను. అసలు కిటుకు అక్కడే ఉంది. విండోస్ పూర్తిగా లేచాక డిస్క్‌తో మాట్లాడేది దాని సొంత డ్రైవరు. దానికి 48 బిట్లు వచ్చు, చివరి గది దాకా వెళ్ళి వస్తుంది. కానీ అది లేవకముందు, లోడర్ కెర్నల్‌ని వెతికే ఆ కొద్ది సెకన్లలో, డిస్క్‌ని చదివిపెట్టేది బయాసే. కెర్నల్ ఫైలు ముందు గదుల్లో ఉన్నన్నాళ్ళూ ఏ గొడవా రాదు. డిస్క్ నిండేకొద్దీ ఖాళీ చివరనే మిగిలింది. ఆ శనివారం అప్‌డేట్ కొత్త కెర్నల్‌ని తెచ్చి ఆ ఖాళీలో పెట్టింది. విండోస్ తనకి అందే చోటే పెట్టుకుంది. బయాస్‌కి మాత్రం అది అందని అటక.

మాట వరసకి నమ్మడం కాదు, చూడాలనిపించింది. ఎన్‌ఎఫ్‌ఐ అని మైక్రోసాఫ్ట్‌దే ఒక చిన్న టూల్ ఉంది, ఏ ఫైలు ఏ సెక్టర్లలో ఉందో చెబుతుంది. అదృష్టవశాత్తూ నేను పాత ఫైలు డిలీట్ చెయ్యలేదు, పేరు మార్చి ఉంచాను. దాన్ని అడిగితే 27 కోట్ల 90 లక్షల పైన ఉన్నట్టు చూపించింది. మొదటిసారి చేసిన కాపీ దాని పక్కనే. 30 జీబీ ఖాళీ చేశాక చేసిన కాపీ 6 కోట్ల దరిదాపుల్లో. మూడు ఫైళ్ళు, లోపల అక్షరం తేడా లేదు. ఉన్న చోటే తేడా. కాగితం మీద ఆ మూడు నంబర్లు రాసుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నాలుగేళ్ళ ఇంజనీరింగ్‌లో ఏ ల్యాబ్‌లోనూ అంత ఆనందం కలగలేదు.

బాబాయికి ఇలా చెప్పాను: "మన సామాన్లు సర్దేవాడు పై అటకలో కూడా పెట్టగలడు, తియ్యగలడు. కానీ పొద్దున్నే షాపు తాళం తీసేవాడు పొట్టివాడు. తాళంచెవి అటక మీద పెడితే వాడికి అందదు, షాపు తెరుచుకోదు." ఆయన వెంటనే, "అయితే తాళంచెవి కిందే పెట్టు" అన్నాడు. పరిష్కారం కూడా సరిగ్గా అదే.

బయాస్ అప్‌డేట్ దొరికితే అన్నిటికన్నా మేలు. బోర్డు మోడల్ పేరు పట్టుకుని వెతికితే చివరిది 2002 నాటిది దొరికింది, అందులో పెద్ద డిస్క్‌ల ఊసే లేదు. పైగా ఫ్లాపీతో అది ఎక్కించేటప్పుడు కరెంటు పోతే బోర్డే చచ్చిపోతుంది. ఏప్రిల్‌లో తెనాలిలో ఆ సాహసం వద్దనుకున్నాను. సొంత బయాస్ ఉన్న పీసీఐ కార్డు వేసి డిస్క్‌ని దానికి తగిలించడం ఇంకో దారి. ఆ కార్డు విజయవాడలో అడిగితే తెప్పించాలన్నారు. ఇవేవీ లేకుండా అయ్యే పని ఒకటుంది: సీ డ్రైవ్‌ని డిస్క్ మొదట్లో చిన్నగా ఉంచడం. విండోస్ ఫైళ్ళన్నీ ఆ 137 జీబీ గీత లోపలే పుట్టి, లోపలే పెరుగుతాయి. ఎన్ని అప్‌డేట్లు వచ్చినా గీత దాటడానికి చోటే ఉండదు. లైనక్స్ వాళ్ళు డిస్క్ మొదట్లో చిన్న బూట్ పార్టిషన్ పెట్టుకునే అలవాటు ఇలాంటి దెబ్బలు తినే వచ్చిందట. అక్కడ గ్రబ్ లోడర్ 'ఎర్రర్ 18' అంటుంది, అంటే నువ్వడిగిన చోటు బయాస్‌కి అందదు అని. మా ఎక్స్‌పీ కూడా అంత నిజాయితీగా చెప్పి ఉంటే శనివారం రాత్రి నిద్రపోయేవాణ్ణి.

పోలింగ్ అయ్యేదాకా సిస్టమ్‌ని కదపనివ్వలేదు బాబాయి. ఆ నాలుగు రోజులూ అప్‌డేట్లు ఆపేసి, దేవుడికి దండం పెట్టి ఆన్ చేశాం. 24న పని మొదలుపెట్టాను. డేటా తియ్యడానికే ఎక్కువ టైమ్ పట్టింది. మా సీపీయూలో ఉన్నది యూఎస్‌బీ 1.1, సెకనుకి ఒక ఎంబీ వెళితే గొప్ప. వంద జీబీలకి రాత్రీ పగలూ కలిపినా చాలదు. మళ్ళీ తువ్వాలు, మళ్ళీ ఇంటర్నెట్ సెంటర్. అక్కడ రెండు గంటల్లో అయిపోయింది. తర్వాత జీపార్టెడ్ అనే పార్టిషన్ సాఫ్ట్‌వేర్ ఉన్న లైవ్ సీడీతో సీ డ్రైవ్‌ని 30 జీబీకి కుదించాను. కుదించేటప్పుడు గీతకి అవతల ఉన్న ఫైలు ముక్కల్ని అదే ఇవతలికి జరుపుతుంది, మనం ఏదీ వెతికి మార్చక్కర్లేదు. మిగిలిన 119 జీబీ డీ డ్రైవ్. అది గీతకి రెండువైపులా పరుచుకుని ఉంటుంది, పరవాలేదు, దాన్ని తెరిచేది లేచి కూర్చున్న విండోసే. అయితే ఇదంతా సర్వీస్ ప్యాక్ ఉన్న ఎక్స్‌పీకే చెల్లుతుంది. 28 బిట్ల దగ్గర ఆగిపోయే డ్రైవరుతో గీత దాటి రాస్తే, నంబరులో పై అంకెలు రాలిపోయి డిస్క్ మొదటికి వచ్చి పార్టిషన్ టేబుల్ మీదే రాసే ప్రమాదముంది. బూట్ కాకపోవడం అంతకన్నా వెయ్యి రెట్లు నయం.

ఆ సాయంత్రమే సర్వీస్ ప్యాక్ 2 కలిపిన సీడీ కూడా తయారుచేసి, పాత సీడీని బాబాయి చూస్తుండగా రెండు ముక్కలు చేశాను. ఆ తర్వాత పరీక్ష. పాత ఫ్లెక్సీ ఫైళ్ళనే మళ్ళీ మళ్ళీ కాపీ చేసి డీ డ్రైవ్‌ని నిండా నింపాను. ఎఫ్‌సీ కమాండ్‌తో అసలు ఫైళ్ళకీ కాపీలకీ పోలిక చూశాను, ఒక్క బైటు తేడా రాలేదు. నాలుగుసార్లు రీస్టార్ట్ చేశాను, అప్‌డేట్లు వేసి ఇంకో రెండుసార్లు. వచ్చింది.

ఆ ఊపులో చుట్టుపక్కల షాపుల వాళ్ళు పిలవడం మొదలుపెట్టారు. ఒక జెరాక్స్ షాపులో 1999 నాటి పెంటియమ్ 3, దానికి 80 జీబీ డిస్క్ పెట్టగానే డిస్క్‌ని వెతికే చోటే బిగుసుకుపోయింది. డిలీట్ కీ కొట్టినా బయాస్ సెటప్‌లోకి పోదు. అది ఇంకా కింది మెట్టు, 33.8 జీబీ. ఆ కాలపు కొన్ని బయాస్‌లు సిలిండర్ల (డిస్క్‌లోని ట్రాకుల కట్టల) లెక్క 65,535 దాటితే తికమకపడి ఆగిపోయేవి. డిస్క్ మీద సైజు తగ్గించి చూపే జంపర్ ఉంటే అది పెట్టొచ్చు, కానీ 80కి డబ్బిచ్చి 33 వాడుకోవడం షాపాయనకి నచ్చలేదు. డిస్క్ పీకేసి సెటప్‌లోకి వెళ్ళి, ఆ స్థానంలో 'నన్' అని పెట్టి, తర్వాత డిస్క్ తగిలించాను. బూట్ పాత 10 జీబీ డిస్క్ నుంచి, కొత్తదాన్ని బయాస్ చూడనే చూడదు, విండోస్ లేచాక అదే కనిపెట్టుకుంటుంది. 2014లో ఒక ఫొటోగ్రాఫర్ 3 టీబీ డిస్క్ కొని ఎక్స్‌పీకి తగిలిస్తే 746 జీబీ చూపించింది. ఆ అంకె చూడగానే విషయం తెలిసిపోయింది. ఈసారి 32 బిట్లు, 2.2 టీబీ గీత. లెక్క గీత దాకా వెళ్ళి మళ్ళీ సున్నా నుంచి మొదలైంది, మిగిలింది 746. ఆయనకి విండోస్ 7 వేసి, బూట్‌కి వేరే చిన్న డిస్క్ పెట్టి, 3 టీబీని జీపీటీ అనే కొత్త పార్టిషన్ పద్ధతిలోకి మార్చి డేటాకి మాత్రమే వాడుకోమన్నాను.

నాకు జాయినింగ్ లెటర్ ఆ ఏడాది సెప్టెంబర్‌లో వచ్చింది. వెళ్ళేముందు బాబాయి సీపీయూ మీద తెల్ల స్టిక్కర్ అంటించి మార్కర్‌తో రాశాను: "సీ డ్రైవ్ పెంచవద్దు." దాని కింద బాబాయి తన చేతిరాతతో ఇంకో లైను చేర్చాడు: "తాళంచెవి కిందే."